పెద్దత్త నాడి చూసిన కాంపౌండరు

మా ఆఫీసులో ఆయన్ని అందరూ కాంపౌండరు అనేవాళ్ళు. మందులతో గానీ ఆసుపత్రితో గానీ ఆయనకు ఏ సంబంధమూ లేదు. మాది సరుకు రవాణా కంపెనీ. ఏ లారీకి ఏ సరుకు ఎక్కించాలి, ఏ గోదాములో దించాలి, ఎవరికి బిల్లు కొట్టాలి అన్నదంతా సాఫ్ట్‌వేరే తేల్చేది. అదేమీ ఒకే ముద్దలా ఉండదు. ఒక్కో పనికి ఒక్కో భాగం, దేనికది విడిగా నడుస్తుంది. వాటిని రాసేవాళ్ళు పై అంతస్తులో ఉంటారు, అంటే డాక్టర్లన్నమాట. అవి ఊపిరి తీస్తున్నాయో లేదో పొద్దస్తమానం కనిపెట్టుకుని కూర్చునేవాళ్ళం మేము, కింద, కిటికీ లేని గదిలో. మాలో పెద్దవాడు కనుక ఆయన కాంపౌండరు అయ్యాడు. నేను మాత్రం అన్నయ్యా అని పిలిచేదాన్ని. ఆయన పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

గదిలో మేము ముగ్గురం. ఆయన, నేను, పొడుగాయన. పొడుగాయన నాకంటే చిన్నవాడే, కానీ లోపలికి వచ్చినప్పుడల్లా గుమ్మానికి తల తగిలించుకునేవాడు గనుక ఆ పేరు పడింది. మూలన ఏసీ నీళ్ళు కారేచోట బకెట్టు పెట్టి ఉండేది. ఎదుటి గోడ మీద పెద్ద తెర, దాన్ని బోర్డు అనేవాళ్ళం. బోర్డు మీద సాఫ్ట్‌వేరులోని ఒక్కో భాగానికి ఒక్కో దీపం. బోర్డు కాస్సేపటికోసారి ఒక్కోదాన్నీ వరసగా పలకరిస్తుంది, బాగున్నావా అని. బాగున్నాను అని బదులొస్తే దీపం పచ్చగా ఉంటుంది. బదులు రాకపోతే ఎర్రబడుతుంది, గది అదిరిపోయేలా మోత మోగుతుంది, పైవాళ్ళ ఫోన్లన్నీ ఒకేసారి గొల్లుమంటాయి.

వాటికి పైవాళ్ళు పెట్టిన పేర్లు నోరు తిరిగేవి కావు. అందుకని అన్నయ్య వరసలు కలిపాడు. పేరూ సంకేతపదమూ అడిగి జనాన్ని లోపలికి పంపేదాన్ని బావగారు అన్నాడు, వచ్చినవాళ్ళను పలకరించడం తప్ప ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టడు గనుక. బిల్లులు చూసేవి రెండుండేవి. రెంటికీ ఎప్పుడూ ఒకే పట్టిక కావాలి, ఒకటి పట్టుకుంటే రెండోది మూతి ముడుచుకుని పని మానేస్తుంది. అవి తోడికోడళ్ళు. ఇక లారీకీ సరుకుకీ జత కుదిర్చి గేటు దాటడానికి కాగితం ఇప్పించేది పెద్దత్త.

పెద్దత్త చాలా పాతది. దాన్ని రాసినవాడు ఎప్పుడో కంపెనీ వదిలి వెళ్ళిపోయాడు. డాక్టర్లలో ఎవరికీ దాని మీద చెయ్యి వేసే ధైర్యం లేదు. దాని జబ్బు ఏమిటంటే, ప్రతి లారీ గురించీ గుర్తుంచుకోవడానికి కొంత చోటు తీసుకుంటుంది, లారీ వెళ్ళిపోయాక ఆ చోటు తిరిగి ఇవ్వదు. ఇంట్లో పాత డబ్బాలూ సీసాలూ పారేయకుండా దాచుకునే ముసలావిడలాగ. మధ్యాహ్నానికి ఇక కదలడానికి చోటుండదు. నత్తనడక పడుతుంది, ఆ తర్వాత బిగుసుకుపోతుంది. అన్నిటికంటే ఘోరం ఇంకొకటుంది. పని పూర్తిగా ఆగిపోయాక కూడా, ప్రాణం పోయే ఆఖరి క్షణం దాకా, బోర్డు పలకరిస్తే మాత్రం బాగున్నాను అనే అంటుంది. గేటులో లారీలు రోడ్డు మీదికి బారులు తీరి ఉంటాయి, ఇక్కడ దీపం మాత్రం పచ్చగా వెలుగుతూ ఉంటుంది.

దానికి అన్నయ్య ఒక వైద్యం కనిపెట్టాడు. మధ్యాహ్నం డ్రైవర్లు భోజనాలకు దిగే వేళ గేటులో రద్దీ కాస్త పలచబడుతుంది. సరిగ్గా అప్పుడు, బోర్డు పెద్దత్తను పలకరించి అటు తిరగ్గానే, ఈయన పెద్దత్తను ఆపి, మళ్ళీ లేపేవాడు. బోర్డు రెండోసారి వచ్చి బాగున్నావా అనేలోపు అది లేచి, మొహం కడుక్కుని, ఖాళీ బుర్రతో కూర్చుని ఉండేది. గేటులో ఎవరికీ తెలిసేది కాదు, బోర్డుకు అసలే తెలిసేది కాదు. ఆ వేళకు ఆయన భోజనం డబ్బా మూత కూడా తీయడు. సెలవు పెట్టిన రోజున కూడా ఇంటినుంచి ఫోను చేసి, "అమ్మాయ్, పెద్దత్తను లేపావా?" అని అడిగేవాడు.

ఎందుకంత తాపత్రయం అంటే, ఆయన ముందు గేటు గుమాస్తా. ఆ తర్వాతే ఈ గదిలోకి వచ్చాడు. ఆ రోజుల్లో ఓసారి పెద్దత్త పడిపోతే పొద్దుటినుంచీ ఎండలో నిలిచిపోయిన డ్రైవరు ఒకాయన స్టీరింగు మీదికి వాలిపోయాడట. బతికాడు గానీ, మళ్ళీ లారీ ఎక్కలేకపోయాడు. పడిపోక ముందు చాలాసేపు కిటికీ దగ్గరికి వచ్చి, "బాబూ, కాగితం ఇప్పించు బాబూ" అని బతిమాలాడట. ఇవ్వడానికి అన్నయ్య చేతిలో కాగితం లేదు.

ఎన్నిసార్లు పైకి వెళ్ళి మొత్తుకున్నాడో! "అయ్యా, అది జబ్బుమనిషి, ఇవాళో రేపో అన్నట్టుంది, కొత్తది రాయండి" అని. వాళ్ళు బోర్డు తెరిచి చూసేవాళ్ళు. "పచ్చగా ఉంది కదండీ!" అనేవాళ్ళు. "రోజూ నేను ఆపి లేపుతుంటే పచ్చగా ఉందండీ" అని ఈయన. "మరి లేపుతున్నారు కదా, ఇంకేం?" అని వాళ్ళు. ఈయన కిందికి వచ్చేసేవాడు.

నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. "అన్నయ్యా, ఒక్కసారి పడనీ దాన్ని. ఒక్కసారి మోత మోగనీ. అప్పుడు గానీ వాళ్ళ కళ్ళు తెరుచుకోవు."

"మోగితే వాళ్ళకేమవుతుందమ్మా? ఏసీలో కూర్చుని ఉంటారు. ఎండలో ఉన్నవాళ్ళ గతేమిటి?"

ఇలాంటి మనిషితో ఏం వాదించను?

కొత్త మేనేజరు వచ్చాడు. వస్తూనే మా గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, బోర్డు వంక కళ్ళప్పగించి చూశాడు. "ఏడాదిగా ఒక్క ఎర్రదీపం కూడా లేదట! మరి మీరు ముగ్గురూ ఇక్కడ ఏం చూస్తున్నట్టు?" అన్నాడు. వేళాకోళానికి అన్నాడనుకుని పొడుగాయన నవ్వాడు. మేనేజరు నవ్వలేదు. పరిశీలన చేయడానికి ఒకావిడ వస్తుందనీ, మీ దగ్గరే కూర్చుని అన్నీ చూస్తుందనీ, గది ఉంచాలో ఎత్తేయాలో ఆవిడ చెప్పినదాన్ని బట్టి ఉంటుందనీ చెప్పి వెళ్ళాడు.

నాకు ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో మంచం దిగలేని అమ్మ, బడికి వెళ్ళే పిల్లలిద్దరు. వాళ్ళ నాన్న ఎక్కడున్నాడో ఆయనకే తెలియాలి. ఇల్లు నడిచేది నా రెక్కల మీదే. అన్నయ్య పరిస్థితి మాత్రం మెరుగ్గా ఉందా? ఆ వయసులో ఉద్యోగం పోతే ఇంకో గుమ్మం ఎక్కనిచ్చేదెవరు? ఆయనకు తెలిసిన విద్యల్లా ఈ ఒక్క కంపెనీలో, ఈ ఒక్క గదిలో, ఈ ఒక్క ముసలిదాని నాడి చూడటం.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. వదిన, అంటే అన్నయ్య భార్య, మిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. జరిగింది చెప్పి, "వదినా, నువ్వయినా చెప్పు. పరిశీలనకు వచ్చినావిడ ఎదురుగా పెద్దత్త పడిపోవాలి. ఒక్క రోజు ఈయన చేతులు కట్టుకుని కూర్చుంటే చాలు. మేమెందుకున్నామో ఆవిడకు అదే తెలుస్తుంది" అన్నాను.

వదిన మిషను ఆపింది. "ఏమండీ, వినపడిందా? చెయ్యమని కాదు కదా, చెయ్యకండి అంటోంది. అంత మాత్రం చేతకాదా?"

అన్నయ్య "సరే" అన్నాడు చివరికి. వదిన రెట్టించి అడిగింది, మాట తప్పకూడదని. "సరే అన్నానుగా" అని విసుక్కున్నాడు. ఆ రాత్రి నాకు కంటినిండా నిద్ర పట్టింది.

పరిశీలకురాలు మంచిదే. ఆవిణ్ణి తిట్టుకోవడానికి వీల్లేకుండా మంచిదై ఉండటం నా ఖర్మ. మా మంచినీళ్ళు మా గ్లాసుతోనే తాగింది, బకెట్టు చూసి అయ్యో అంది, బావగారి సంగతీ తోడికోడళ్ళ సంగతీ విని పడీపడీ నవ్వింది. తొలి రెండు రోజులూ ఏదో సెలవుండి లారీలు పెద్దగా రాలేదు, పెద్దత్త సుఖంగా ఉంది. మూడో రోజున సరుకు పోటెత్తింది.

మధ్యాహ్నం అయ్యింది. పెద్దత్త తీసుకున్న చోటెంతో చూపించే గీత పైపైకి ఎక్కుతోంది. అన్నయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. భోజనాల వేళ వచ్చింది, వెళ్ళిపోయింది. ఆయన కదల్లేదు. నేను లోలోపల మొక్కుకుంటున్నాను, పడవే తల్లీ, పడు, అని.

గేటు నుంచి ఫోను. నేనే ఎత్తాను. "కాగితాలు రావట్లేదండీ! లారీలు రోడ్డు ఎక్కేశాయి. డ్రైవర్లు నా మీదికొస్తున్నారు!" అని గుమాస్తా గోల. "చూస్తున్నాం" అని పెట్టేశాను. బోర్డు పలకరించింది. బాగున్నాను అంది పెద్దత్త. దీపం పచ్చగానే ఉంది. పరిశీలకురాలు ఆ దీపాన్నే చూస్తోంది. ఇంకాస్సేపు, ఇంకొక్క కాస్సేపు ఆగితే బదులు పలకలేక చస్తుంది, ఎర్రబడుతుంది, మోత మోగుతుంది. నా ఇల్లు నిలబడుతుంది.

అన్నయ్య బోర్డు చూడటం లేదు. బల్ల మీద గేటు కెమెరా చూపించే చిన్న తెర ఒకటుంది, దాన్ని చూస్తున్నాడు. లారీలు ఒకదాని వెనక ఒకటి, ఎండ తళతళలాడుతోంది. ఒక డ్రైవరు కిందికి దిగి, ఎక్కడా నీడ లేక, తన లారీ చక్రానికి ఆనుకుని నేల మీదే చతికిలబడ్డాడు. తల వాల్చేశాడు. అన్నయ్య చేతులు తొడల కిందనుంచి బయటికి వచ్చాయి.

నేను ఆయన మణికట్టు పట్టుకున్నాను. నిజంగానే పట్టుకున్నాను, అంత గట్టిగా నా పిల్లల్ని కూడా ఎప్పుడూ పట్టుకోలేదు.

"వదులమ్మా" అన్నాడు.

"వదలను. మాటిచ్చావు."

"ఆ మనిషిని చూడు."

"నా పిల్లల్ని చూడు అన్నయ్యా!"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చెయ్యి విడిపించుకున్నాడు. బోర్డు అటు తిరగ్గానే పెద్దత్తను ఆపాడు, లేపాడు. దీపం కనీసం మినుకుమనలేదు. చిన్న తెర మీద గేటు తెరుచుకుంది, మొదటి లారీ కదిలింది. చక్రం దగ్గర కూర్చున్నవాడు లేచి, ఒళ్ళు దులుపుకుని, లారీ ఎక్కాడు. అతనికేమీ కాలేదు. కునుకు తీశాడంతే.

నాకు కడుపు మండిపోయింది. పరిశీలకురాలి వైపు తిరిగి, "చూశారా మేడమ్! ఈయన రోజూ ఇలా చేయబట్టే ఆ దీపం పచ్చగా ఉంటోంది. ఈయన లేకపోతే ఆ గేటు మూతపడుతుంది. ఇది రాసుకోండి!" అని అరిచాను.

ఆవిడ ఆశ్చర్యపోయింది. అన్నయ్యను అడిగి ఆ వైద్యమంతా ఓపిగ్గా తెలుసుకుంది. ఆయన మాస్టారి ముందు పాఠం అప్పజెప్పినట్టు అంతా చెప్పాడు. విని, ఎంతో గౌరవంగా అంది, "రోజూ అదే వేళకు అదే పని చేస్తున్నారంటే, దానికి మనిషెందుకండీ? యంత్రమే చేసుకుంటుంది కదా?"

నోరు తెరిచి నేనే అందించాను ఆ మాట ఆవిడకు. దేవుడా!

గది ఎత్తేస్తున్నట్టు చెప్పేశారు. పొడుగాయన్ని పైకి తీసుకున్నారు. నన్నూ అన్నయ్యనూ ఆ నెలాఖరుదాకా ఉండమన్నారు. పోయేలోపు పెద్దత్తను దానంతటదే ఆపి లేపే ఏర్పాటు ఒకటి రాసి ఇవ్వమని అన్నయ్యను అడిగారు. ఇంకెవరైనా అయితే రాయను పొమ్మంటారు. కనీసం చేతకాలేదని అబద్ధమాడతారు. ఈ మహానుభావుడు మర్నాడే మొదలుపెట్టాడు.

"బుద్ధుందా నీకు?" అన్నాను. అన్నయ్యను అంతవరకూ అంత మాట అనలేదు. "మన కూడు చేజేతులా నేలపాలు చేసింది చాలక, వాళ్ళకు వడ్డించి పోతావా? మనం పోయాక పడనీ దాన్ని! అప్పుడు మనల్ని వెతుక్కుంటూ వస్తారు."

"మనం పోయాక ఎవరు లేపుతారమ్మా దాన్ని?" అన్నాడు. నేనేదో తెలియనిదాన్నయినట్టు. తెర మీదినుంచి తల కూడా ఎత్తలేదు.

చాలా శ్రద్ధగా రాశాడు. పెద్దత్తకు చోటు నిండిపోతోందని కనిపెట్టగానే ఆ ఏర్పాటు దాన్ని ఆపి లేపుతుంది. అది పడుకుని ఉన్న ఆ కాస్సేపట్లో బోర్డు వచ్చి పలకరిస్తే, పెద్దత్త బదులు ఆ ఏర్పాటే బాగున్నాను అని చెబుతుంది, ఊరికే మోత మోగి పైవాళ్ళు కంగారు పడకుండా. ఆ ముక్క నాకు చూపించి, "బాగుంది కదూ?" అన్నాడు. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఎవరూ మమ్మల్ని వెతుక్కుంటూ రాలేదు. పెద్దత్త పడలేదు. నేను తిరగని ఆఫీసు లేదు. ఏం పని చేసేవారని అడిగితే, ఏమీ జరగకుండా చూసేదాన్నని చెప్పాలి. ఆ మాట విని ఎవరు ఉద్యోగమిస్తారు? నెలలు గడిచాయి. అన్నయ్య సంగతి వదిన ఫోనులో చెప్పేది. గడ్డం గీసుకోవడం మానేశాడట. కంపెనీవాళ్ళు ఖాతాదార్లు చూసుకోవడానికి ఆ దీపాలను నెట్‌లో కూడా పెట్టారు. రోజూ మధ్యాహ్నం ఫోనులో పెద్దత్త దీపం తెరిచి, పచ్చగా ఉందని చూసుకున్నాకే కంచం ముందు కూర్చుంటాడట.

ఒక రోజు పొడుగాయన ఫోను చేశాడు. గొంతు అదోలా ఉంది. "అక్కా, పెద్దత్తను తీసేశారు. చాలా రోజులైంది. బయటినుంచి కొత్తది కొని తెచ్చారు, గేటు పనంతా అదే చూస్తోంది."

"అదేంటి, దీపం ఇంకా పచ్చగా ఉందిగా? అన్నయ్య రోజూ చూస్తున్నాడుగా?"

"పెద్దత్తను తీశారు గానీ అన్నయ్య రాసినదాన్ని తీయలేదక్కా. అదొకటుందని కూడా ఎవరికీ గుర్తులేదు. లేని పెద్దత్తను అది లేపుతూనే ఉంది. బోర్డు పలకరిస్తే బాగున్నాను అని అదే చెబుతోంది."

పెద్దత్తను ఎప్పటికైనా తీసి కొత్తది పెట్టమనే కదా ఆయన అన్నేళ్ళు పైకీ కిందికీ తిరిగింది! అప్పుడు ఒక్కరూ వినలేదు. మమ్మల్ని సాగనంపాక, చిటికెలో చేసేశారు.

నాకు తిక్క రేగింది. వెళ్ళి చెప్పేయాలి, మొహం మీదే చెప్పేయాలి అనుకున్నాను. ఎవరికోసం మా అందరి నోటికాడి కూడు తీసి పెట్టావో, అది ఎప్పుడో పోయింది అన్నయ్యా, నువ్వు చూసే దీపం ఉత్తది, అని. దారి పొడుగునా ఆ మాటలే నూరుకుంటూ వెళ్ళాను.

ముందుగదిలో ఆయన కుర్చీలో ఉన్నాడు. సగమైపోయాడు. చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకున్నాడు. చేతిలో ఫోను. నన్ను చూసి మొహం వెలిగింది. "రామ్మా రా! ఎన్నాళ్ళకొచ్చావు!" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే వదిన, "అమ్మాయ్, ఓసారి ఇటు రా" అని వంటింట్లోకి లాక్కుపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు. కుళాయి తిప్పి నీళ్ళు ధారగా వదిలింది, లోపలి మాటలు బయటికి వినపడకుండా.

"పొడుగాయన చెప్పాడా నీకు?" అంది.

నేను తెల్లబోయాను. "నీకెలా తెలుసు వదినా?"

"ముందు ఇక్కడికే చేశాడు. ఫోను నేనే తీశాను." వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "చెప్పకే తల్లీ. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఎండలో ఎవరూ నిలబడి లేరు, నేను రాసింది పని చేస్తోంది, ఆ ఒక్క మాట మీదే మీ అన్నయ్య ఇంత మింగుతున్నాడు. అదీ లేదని తెలిస్తే నాకు మిగలడు."

ముందుగదిలోనుంచి కేక వినపడింది. "అమ్మాయ్! ఇలా రా, చూద్దువుగాని!"

వెళ్ళాను. ఫోను నా ముందుకు చాపాడు. తెర మీద పచ్చటి దీపం. ఆయన వేలు దాని కిందే ఉంది. పుట్టి బుద్ధెరిగాక నోటికొచ్చిన మాట మింగినదాన్ని కాదు నేను.

"పచ్చగా ఉందన్నయ్యా" అన్నాను.

"ఒక్క రోజు కూడా ఎర్రబడలేదమ్మా. రోజూ చూస్తున్నానుగా." కాస్సేపు దాన్నే చూసుకుని మురిసిపోయాడు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తి నా మొహంలోకి చూశాడు. "నీకు ఉద్యోగం దొరికిందా?"

వదిన గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది.

"దొరికిందన్నయ్యా."

"పిల్లలూ, అమ్మా? అంతా బాగున్నారు కదా?"

"బాగున్నాం" అన్నాను.

"నాకు తెలుసు" అని తల ఊపి, ఫోను బల్ల మీద పెట్టి, "ఏమేవ్, ఇక వడ్డించు" అని వదినకు చెప్పాడు.